624 గొంతులు, ముగ్గురు మనుషులు

సంపాదకులకు నమస్కారం.

పాత ఇంగ్లిష్ ప్రేమగీతాల మీద మీ ఆదివారం అనుబంధంలో వచ్చిన వ్యాసం చదివాం. 10సీసీ బృందం 1975లో విడుదల చేసిన ‘ఐయామ్ నాట్ ఇన్ లవ్’కు అందులో చోటు దక్కినందుకు సంతోషం. కానీ ఆ పాటకు కేటాయించిన నాలుగు పేరాల్లోనే కొన్ని పొరపాట్లు దొర్లాయి. పాట పొడవునా వినిపించే ‘ఆ...’ అనే గొంతుల వెల్లువను 624 మంది కోరస్ పాడిందన్నారు. రెండు వాక్యాలు దాటగానే అదే ధ్వనిని మెలోట్రాన్ అనే వాద్యం మీద వాయించారన్నారు. రెండూ ఒకేసారి ఎలా నిజమవుతాయో వ్యాసకర్తే చెప్పాలి. పోనీ అది వదిలేసినా, చివర్లో దీన్ని విఫలప్రేమ గీతాల్లో కలిపేశారు. రికార్డింగ్ పనిలో ఉన్నవాళ్లకు ఈ పాట ఒక పాఠ్యపుస్తకం లాంటిది. అందుకే కాస్త వివరంగా రాయాల్సి వస్తోంది.

ముందు ఆ 624 సంగతి. పాడింది ముగ్గురే: గ్రాహమ్ గౌల్డ్‌మన్, కెవిన్ గాడ్లీ, లాల్ క్రీమ్. నాలుగో సభ్యుడు ఎరిక్ స్టీవర్ట్ ఈ ‘ఆ’లు పాడలేదు, ఎందుకంటే ఆయన మిక్సర్ (శబ్దాలను కలిపి హెచ్చుతగ్గులు సర్దే బల్ల) ముందు కూర్చుని రికార్డు చేస్తున్నాడు. పాటలో ప్రధాన గొంతు మాత్రం ఆయనదే. ముగ్గురూ కలిసి ఒక స్వరాన్ని ‘ఆ...’ అని నిలిపి పాడతారు. అది 16 ట్రాకుల టేపులో, అంటే పక్కపక్కన 16 వరసల్లో విడివిడిగా రికార్డయ్యే టేపులో, ఒక ట్రాకు. అదే స్వరాన్ని మళ్లీ పాడతారు, రెండో ట్రాకు. అలా 16 సార్లు. మూడు పదహార్లు 48. అంటే ఒక్క స్వరానికి 48 గొంతులు. తర్వాత అర మెట్టు పైకి జరిగి మళ్లీ మొదటి నుంచి 16 సార్లు. మన లెక్కలో చెప్పాలంటే పన్నెండు స్వరస్థానాలకూ విడివిడిగా ఇదే తంతు. పన్నెండుకైతే 576 వస్తుంది, పై షడ్జాన్నీ కలిపి 13 లెక్కేస్తే 624. తిరుగుతున్న అంకె ఇలా పుట్టిందే. అంకెకు ఢోకా లేదు, దాని పక్కన ‘మంది’ అని రాయడంతోనే వచ్చింది చిక్కు. ఈ ఒక్క పనికే మూడు వారాలు పట్టింది.

ఒకసారి పాడించి దాన్నే 48 సార్లు కాపీ చేసుకోవచ్చు కదా అనే అనుమానం ఇప్పటి పిల్లలకు తప్పకుండా వస్తుంది. చేయొచ్చు. కానీ ఒకే అల మీద అదే అలను పేర్చితే శబ్దం పెరుగుతుందే తప్ప చిక్కబడదు. ఏ రెండు కాపీలైనా వెంట్రుకవాసి ఎడంగా పడితే కొన్ని పౌనఃపున్యాలు ఒకదాన్నొకటి తినేసి గొంతు రేకు డబ్బాలోంచి వచ్చినట్టు బోలుగా వినిపిస్తుంది. మనిషి ప్రతిసారీ కొత్తగా పాడినప్పుడు శ్రుతి పిసరంత అటూ ఇటూ అవుతుంది. 440 హెర్ట్జ్ పక్కన 442 పలికితే సెకనుకు రెండుసార్లు శబ్దం ఉబ్బి తగ్గుతుంది. అర మెట్టులో అది పన్నెండో వంతు తేడా కూడా ఉండదు. అపశ్రుతి అని మామూలు చెవి పట్టుకోలేదు. 48 గొంతుల మధ్య ఇలాంటి తేడాలు వందల కొద్దీ కలిస్తే నీటి మీద ఎండ పడ్డట్టు ఆ స్వరం మిలమిలలాడుతుంది. వయొలిన్లు పాతిక కలిసి ఒకే స్వరం వాయిస్తే కమ్మగా ఉండేదీ ఇందుకే. మూడు వారాల శ్రమా ఆ మిలమిల కోసమే.

ఇక మెలోట్రాన్. ఆ వాద్యంలో ప్రతి మెట్టు కింద ఒక టేపు ముక్క ఉంటుంది. మెట్టు నొక్కితే అది నడుస్తుంది, వేలు తీస్తే స్ప్రింగు లాగి మొదటికి వెళుతుంది. టేపు దాదాపు ఎనిమిది సెకన్లే. ఆ తర్వాత ఎంత నొక్కిపట్టినా మౌనమే. ఆరు నిమిషాల పాటు తెగకుండా గొంతులు మోగాలంటే అది పనికిరాదు. 10సీసీకి ఎదురైన అసలు సమస్య కూడా ఇదే: మనిషి ఊపిరి కొన్ని సెకన్లకు అయిపోతుంది, పాటకేమో అంతులేని ‘ఆ’ కావాలి. టేపును చుట్టలా అతికిస్తే సరి అని సలహా ఇచ్చింది లాల్ క్రీమ్. స్టీవర్ట్ 16 ట్రాకుల మీదున్న 48 గొంతులనూ స్టీరియో టేపు మీదకు దించి, ఆ టేపు కొసలు రెండూ అతికించి లూప్ చేశాడు. ఒక్కో లూప్ పొడవు సుమారు 12 అడుగులు. అంత పొడవు టేపు మెషీన్ మీద పట్టదు. ఒక చివర రికార్డర్‌లో టేపును చదివే హెడ్ల మీదుగా పోతుంటే, రెండో చివరను గదిలో దూరంగా నిలబెట్టిన మైక్ స్టాండ్ నెత్తిన బిగించిన రోలర్ చుట్టూ తిప్పాడు. ఊళ్లో బావి గిలక మీద చేంతాడు తిరిగినట్టే.

ఇందులో చెడిపోవడానికి చోట్లు చాలా ఉన్నాయి. స్టాండ్ కొంచెం దగ్గరగా జరిగితే టేపు వదులై హెడ్ మీద తడబడుతుంది, గొంతు వణుకుతుంది. మరీ దూరం లాగితే టేపు సాగి శ్రుతి దిగుతుంది. అతుకు ఏటవాలుగా కాకుండా నిలువుగా కోస్తే ‘టప్’ మంటుంది. ఏటవాలుగా కోసినా సరే, అతుకు హెడ్ దాటే ప్రతిసారీ చిన్న మినుకు తప్పదు. సెకనుకు 15 అంగుళాల వేగంలో 12 అడుగుల లూప్ ఒక చుట్టు తిరగడానికి 9.6 సెకన్లు, 30 అంగుళాల వేగంలోనైతే 4.8. అంటే ఆ మినుకు అన్నేసి సెకన్లకోసారి వచ్చి తీరుతుంది. లూప్ పొట్టిదైతే అది తాళం వేసినట్టు పట్టుబడిపోతుంది. పొడవు ఎందుకు పెంచారన్నదానికి జవాబు ఇదే. పైగా పన్నెండు లూపుల అతుకులూ ఒకేసారి హెడ్ దాటకుండా చూసుకున్నారు. విడివిడిగా వచ్చే మినుకులు మిగతా గొంతుల హోరులో కలిసిపోతాయి, అన్నీ కూడబలుక్కుని వస్తే పాట ఎక్కిళ్లు పెట్టినట్టుంటుంది.

ఒక్కో లూప్‌ను ఏడు నిమిషాల పాటు తిప్పి, మళ్లీ కొత్త 16 ట్రాకుల టేపు మీద ఒక్కో ట్రాకుకు ఎక్కించారు. ఇప్పుడు మిక్సర్ మీద ఒక ఫేడర్ (శబ్దం పెంచి తగ్గించే జారుడు మీట) పైకి తోస్తే ‘స’, పక్కది తోస్తే ‘రి’. మిక్సర్ కాస్తా హార్మోనియం అయి కూర్చుంది. నలుగురూ దాని ముందు వరసగా నిలబడి, తలా కొన్ని ఫేడర్లు పంచుకుని, కార్డ్ (కలిసి మోగే స్వరాల గుంపు) మారినప్పుడల్లా మూడు నాలుగు స్వరాలను పైకి తెచ్చి పాతవాటిని కిందికి దించుతూ పాటంతా వాయించారు. పియానోకు సుత్తి దెబ్బ ఉంటుంది, గిటారుకు మీటు ఉంటుంది. ఫేడర్‌కు ఆ మొదలు లేదు. అందుకే ఈ పాటలో కార్డ్‌లు మారడం వినిపించదు, ఒకటి కరిగి ఇంకొకటి తేలుతుంది.

అసలు కిటుకు ఇక్కడ ఉంది. దీన్ని ఎంత చెప్పినా మాకు తనివి తీరదు. ఫేడర్ల అడుగున స్టీవర్ట్ అడ్డంగా జిగురు టేపు అంటించాడు, ఏ ఫేడరూ పూర్తిగా సున్నాకు దిగకుండా. దాంతో కార్డ్‌లో లేని స్వరాలు కూడా అతి సన్నగా వెనక మోగుతూనే ఉన్నాయి. శాస్త్రం ప్రకారం పన్నెండు స్వరస్థానాలూ ఒకేసారి పలకడం కంటే ఘోరమైన అపస్వరం ఉండదు. కానీ అంత సన్నగా పలికితే అది స్వరంలా కాకుండా పొగమంచులా చెవిని చేరుతుంది. మన కచేరీలో తంబురా ఆగదు కదా, ఇక్కడా అంతే. కాకపోతే తంబురా పలికేది సపసలే, ఇది మొత్తం సప్తకాన్ని పరిచేసింది. ఇంకో లాభం కూడా ఉంది. మొదటి రికార్డింగ్ నుంచి స్టీరియో లూప్‌కు, అక్కడి నుంచి మళ్లీ 16 ట్రాకుల టేపుకు వచ్చేసరికి ఇది మూడో తరం కాపీ. తరానికి కొంత చొప్పున టేపు బుస పెరుగుతుంది. ఫేడర్లు మూసి తెరుస్తుంటే ఆ బుస వస్తూ పోతూ చిరాకు పెట్టేది. ఎప్పుడూ కొద్దిగా తెరిచే ఉంచితే చెవి దానికి అలవాటు పడిపోతుంది, గొంతుల ఊపిరిలో భాగమే అనుకుంటుంది.

ఇంత చేసిన పాటకు వాద్యాలు ఎన్ని అని చూస్తే ఆశ్చర్యమేస్తుంది. స్టీవర్ట్ ఫెండర్ రోడ్స్ ఎలక్ట్రిక్ పియానో, గౌల్డ్‌మన్ రిథమ్ గిటారు, మధ్యలో ఆయనదే బేస్ గిటారు. వెనక గుండె కొట్టుకుంటున్నట్టు వినిపించేది డ్రమ్ము కాదు, గాడ్లీ మూగ్ సింథసైజర్ మీద పుట్టించిన దెబ్బ. ఒక బొమ్మ సంగీతపెట్టె. ప్రధానంగా ఇవే. మధ్యలో ఒక ఆడగొంతు ‘పెద్ద మగపిల్లలు ఏడవరు’ అనే అర్థం వచ్చే మాట గుసగుసగా పదేపదే అంటుంది కదా, ఆమె గాయని కాదు. స్టూడియో రిసెప్షనిస్టు. ఫోనొచ్చిందని స్టీవర్ట్‌తో చెప్పడానికి తలుపు తీసి మెల్లగా పలకరించింది. ఆ గొంతు చెవిన పడగానే మనకు కావలసింది ఇదే అన్నాడు క్రీమ్. ఆమె ముందు ససేమిరా అంది, బతిమాలి మైక్ ముందు నిలబెట్టారు. గాయనిని పిలిపించి ఉంటే గుసగుసలో కూడా పాట దొర్లేది.

మీ వ్యాసంలో లేని సంగతి మరొకటి. ఈ పాట ఒకసారి చచ్చి బతికింది. స్టీవర్ట్, గౌల్డ్‌మన్ మొదట రాసినప్పుడు ఇది బ్రెజిల్ బోసా నోవా నడకలో గిటార్లతో సాగే మామూలు పాట. అలాగే రికార్డు చేశారు. గాడ్లీకి బొత్తిగా నచ్చలేదు, మొహమాటం లేకుండా చెత్త అనేశాడు. టేపు చెరిపేశారు కూడా. ఆ మొదటి రూపం ఇప్పుడు ఎక్కడా లేదు. అయితే స్టూడియోలో పనిచేసేవాళ్లు ఆ వరస కూనిరాగం తీస్తూ తిరుగుతుంటే స్టీవర్ట్ చెవిన పడింది. మళ్లీ ముగ్గురి ముందూ పెడితే, చేస్తే గొంతులతోనే చేద్దాం, వాద్యాలు వద్దు అన్నది ఎవరనుకున్నారు? ఆ గాడ్లీయే. బాగాలేదన్నవాడే దారి కూడా చూపించడం బృందాల్లో అరుదుగా జరుగుతుంది. 10సీసీలో రెండు జంటలు: గాడ్లీ, క్రీమ్ ఆర్ట్ కాలేజీ నుంచి వచ్చిన ప్రయోగప్రియులు, స్టీవర్ట్, గౌల్డ్‌మన్ జనం పాడుకునే వరసలు కట్టడంలో దిట్టలు. హోలీస్ బృందం పాడిన ‘బస్ స్టాప్’ గౌల్డ్‌మన్ రాసిందే. 1976లో మొదటి జంట బృందాన్ని వదిలి వెళ్లాక మిగిలినవాళ్లు హిట్లు ఇచ్చారు గానీ ఇలాంటి వింత మళ్లీ పుట్టలేదు.

మూడు వారాలు ‘ఆ’ అంటూ గడపడానికి ఎవరు డబ్బు పెట్టారన్న ప్రశ్న కూడా ముఖ్యమే. మాంచెస్టర్ పక్కన స్టాక్‌పోర్ట్‌లోని ఆ స్ట్రాబెర్రీ స్టూడియోలో స్టీవర్ట్‌కు భాగస్వామ్యం ఉంది. గంటల లెక్కన అద్దె కట్టే బృందమైతే రెండో రోజే మేనేజర్ వచ్చి గడియారం చూపించేవాడు. అదే కాలంలో మద్రాసులో మన సినిమా పాటలు గాయకులు, వాద్యబృందం ఒకేసారి కూర్చుంటే కాల్షీట్ లోపల పూర్తయ్యేవి. అది వేరే విద్య, దాని గొప్ప దానిది. ఒకరు తప్పు వాయిస్తే అందరూ మళ్లీ మొదటి నుంచి. ఆ పద్ధతిలో ఈ పాట పుట్టే అవకాశమే లేదు, ఈ పద్ధతిలో ఆ పాటల ఊపూ రాదు.

ఆదరణ విషయంలో మీ వ్యాసం ‘విడుదలైన రోజు నుంచే సంచలనం’ అంది. నిజానికి రికార్డు కంపెనీ తటపటాయించింది. ఆరు నిమిషాలు దాటిన పాటను రేడియోలు వేయవని భయం. అందుకే ‘ది ఒరిజినల్ సౌండ్‌ట్రాక్’ ఆల్బమ్ నుంచి ముందు సింగిల్‌గా వదిలింది వేరే పాట, ‘లైఫ్ ఈజ్ ఎ మినెస్ట్రోనీ’. తమాషా ఏమిటంటే ఆ కంపెనీ ఈ బృందంతో పది లక్షల డాలర్ల ఒప్పందానికి దిగింది ఈ ప్రేమపాట విన్నాకే. చివరికి 1975 మేలో సింగిల్ వచ్చింది. జూన్ ఆఖరుకు బ్రిటన్‌లో మొదటి స్థానం, రెండు వారాలు. అమెరికాలో బిల్‌బోర్డ్ పట్టికలో మూడు వారాలు రెండో స్థానంలోనే ఇరుక్కుపోయింది. ఆ మూడు వారాల్లో పైన కూర్చున్నవి మూడు వేర్వేరు పాటలు: వాన్ మెకాయ్ ‘ది హసిల్’, ఈగిల్స్ ‘వన్ ఆఫ్ దీజ్ నైట్స్’, బీజీస్ ‘జైవ్ టాకిన్’. ఒకటి దిగితే ఇంకొకటి ఎక్కింది, దీనికి మాత్రం మెట్టు దొరకలేదు. బ్రిటన్‌లో పాటల రచయితలకిచ్చే ఐవర్ నొవెల్లో పురస్కారాలు మాత్రం మూడు వచ్చాయి. 1990లో విల్ టు పవర్ బృందం మళ్లీ పాడి అమెరికాలో మొదటి పది పాటల్లోకి తెచ్చింది. ఈ తరం వాళ్లకు ఇది 2014 నాటి ‘గార్డియన్స్ ఆఫ్ ది గెలాక్సీ’ సినిమా మొదట్లో ఆసుపత్రి వరండాలో పిల్లవాడు వాక్‌మన్‌లో వినే పాటగా తెలుసు.

విఫలప్రేమ అన్న ముద్ర గురించి రెండు మాటలు. పేరు చూసి అర్థం చెప్పడం వల్ల వచ్చిన తప్పు ఇది. స్టీవర్ట్‌ను భార్య అడిగిందట, నన్ను ప్రేమిస్తున్నానని తరచూ ఎందుకు చెప్పవని. ఊరికే అంటూ ఉంటే ఆ మాట అరిగిపోతుందని ఆయన భావం. అనకుండా అనడం ఎలా అని ఆలోచించి, ప్రేమ లేదంటూ మొదలుపెట్టి, లేదనడానికి చూపిన ప్రతి సాకులోనూ ప్రేమ బయటపడేలా రాశారు. గోడ మీద ఆమె ఫొటో ఎందుకుందంటే అక్కడున్న మరకను కప్పడానికట! తెలుగువాళ్లకు దీన్ని విప్పి చెప్పనక్కర్లేదు, మనకు నిందాస్తుతి తెలుసు. భద్రాచల రామదాసు చేయించిన నగల ఖర్చంతా ఏకరువు పెట్టి రాముణ్ని దులిపేస్తే అది ద్వేషమని ఎవరైనా అనుకున్నారా? ఫేడర్లకు అంటించిన టేపు సంగతి ఇక్కడ మళ్లీ గుర్తు చేసుకోవాలి. ముందు గొంతు లేదు లేదంటుంటే, వెనక గొంతులు ఒక్క క్షణం కూడా నోరు మూయవు. బోసా నోవా రూపంలో ఈ సాక్ష్యం లేదు, అందుకే అది చప్పగా ఉండి ఉంటుందని మా అంచనా.

ఇప్పటి కంప్యూటర్ మీద దీన్ని ప్రయత్నించాలనుకునే కుర్రాళ్ల కోసం చిన్న లెక్క. ముగ్గురు స్నేహితులు, స్వరానికి 16 సార్లు, 12 స్వరాలు అంటే 192 టేకులు. టేకుకు పది సెకన్లయితే వట్టి పాడే సమయం 32 నిమిషాలే. విరామాలు, తప్పులు కలిపి రెండు పూటలు చాలు. గమకం, వణుకు లేకుండా చదునుగా పాడాలి. పది సెకన్లలో మొదటిదీ చివరిదీ కోసేసి మధ్య భాగమే తీసుకోవాలి, ఊపిరి తీసిన చప్పుడూ గొంతు సన్నబడ్డ చోటూ లూప్‌లో పడితే అల వచ్చి వెళ్లినట్టు ఊగుతుంది. లూపుల పొడవులు ఒక్కలా పెట్టకండి. ఒకటి 7.3 సెకన్లయితే ఇంకొకటి 7.9 ఉండాలి. అన్నిటికంటే ముఖ్యం, శ్రుతి దిద్దే సాఫ్ట్‌వేర్ ఆటోట్యూన్ జోలికి పోవద్దు. శ్రుతులన్నీ ఒక గీత మీదకు లాగితే 48 గొంతులు కాస్తా ఒక హారన్ అయిపోతాయి. ఈ మధ్య వచ్చిన చాలా అనుకరణలు బోసిగా ఉండడానికి కారణం అదే.

మీ పాఠకులు వినేటప్పుడు రేడియో కోసం నాలుగు నిమిషాల లోపు కుదించిన రూపం కాకుండా ఆల్బమ్‌లోని పూర్తి పాటను, ఫోన్ స్పీకర్లో కాకుండా ఇయర్‌ఫోన్లతో వినాలని మనవి. గుసగుస మొదలయ్యే ముందు వాద్యాలు దాదాపు ఆగిపోయే చోట చెవి పెడితే, మూసుకోని ఆ ఫేడర్ల నుంచి వచ్చే పొగమంచు విడిగా దొరుకుతుంది. మీ వెబ్ ఎడిషన్‌లో వ్యాసం ఇంకా ఉంది గనుక, 624 పక్కన ‘మంది’ తీసేసి ‘గొంతులు’ అనీ, మెలోట్రాన్ ఉన్న చోట ‘టేప్ లూపులు’ అనీ దిద్దించగలరు.

ఇట్లు,
రికార్డింగ్ పనిలో ఉన్న కొందరు పాఠకులు,
హైదరాబాద్